వరంగల్‌లోనే ఉండి మొదటి షార్ట్ ఫిలిం తీయడం ఎలా

సినిమా తీయాలనుకునే యువకుడు ముందు హైదరాబాద్ వెళ్లి కృష్ణానగర్‌లో గది తీసుకోవాలనే నమ్మకం మన జిల్లాల్లో ఇంకా బలంగానే ఉంది. అక్కడ నేర్చుకోవడానికి చాలా ఉంది కానీ, చేతిలో పూర్తయిన పని ఏదీ లేకుండా వెళ్లినవారి మాట ఎవరూ వినరు. 2016లో తొలి చలనచిత్రం తీసిన తరుణ్ భాస్కర్ అంతకుముందు షార్ట్ ఫిలింలు తీసి పేరు తెచ్చుకున్నారు. వేణు యెల్దండి 2023లో దర్శకుడిగా తన తొలి చిత్రాన్ని సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో, చావు తర్వాత జరిగే కర్మకాండల చుట్టూ అల్లుకున్నారు. అందువల్ల మొదటి సినిమాను హన్మకొండలోనో, జనగామలోనో, భూపాలపల్లిలోనో ఇంటి దగ్గరే తీయడం మేలు. ఉన్న కొద్ది డబ్బులో పెద్ద వాటాను కెమెరా మీద కాక శబ్దం మీద ఖర్చు పెట్టాలి.

కథ ఎంచుకునేటప్పుడు పది పన్నెండు నిమిషాల నిడివి, ఇద్దరు ముగ్గురు పాత్రలు, అడగకుండానే తలుపు తెరుచుకునే ఒకటి రెండు చోట్లు అనే హద్దు పెట్టుకోండి. మీరు పెరిగిన ఇంట్లో, వీధిలో ఏ పని ఎలా జరుగుతుందో మీకు తెలుసు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టినవారికి మగ్గం ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ఎప్పుడు దిగుతుందో, మిర్చి ఎప్పుడు దిగుతుందో తెలిసినవారు, ఆ కథను ఏ నెలలో తీయాలో కూడా ముందే నిర్ణయించుకోగలరు. చేర్యాల నకాశీ పటాలను ఒకసారి శ్రద్ధగా చూడండి. ఒక్కో గడిలో ఒక్కో ఘట్టాన్ని గీసి, పటాన్ని విప్పుతూ కథ చెప్పే ఆ పద్ధతిలోనే మీ సన్నివేశాలను కాగితం మీద గళ్లుగా వేసుకుంటే ఏ షాట్ అవసరమో, ఏది అనవసరమో చిత్రీకరణకు ముందే తేలిపోతుంది. బొమ్మలు చక్కగా రాకపోయినా నష్టం లేదు.

సంభాషణలను రాసి ఊరుకోకుండా గడియారం ఎదురుగా పెట్టుకుని పైకి చదవాలి. పాత్ర వయసున్న మనిషి ఎవరైనా ఇంట్లో ఉంటే, అదే సందర్భాన్ని వారికి చెప్పి, వారి మాటల్లో చెప్పించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. హాస్యం కోసం సినిమాల్లో వాడే తెలంగాణ మాటతీరుకూ, నర్సంపేటలో ఒక పెద్దమ్మ కోడలిని మందలించే తీరుకూ చాలా దూరం ఉంది. ఆ దూరం తెలియని రచనను ఇక్కడి ప్రేక్షకులు మొదటి నిమిషంలోనే పసిగడతారు.

కెమెరా గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మంచి ఫోన్ సరిపోతుంది. సెకనుకు 24 లేదా 25 ఫ్రేములు పెట్టుకోండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌లో వస్తుంది కాబట్టి, షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయాన్ని, సెకనులో 50వ వంతుకు నిలిపితే ట్యూబులైట్ల కింద తెర మీద వచ్చే మినుకులు తగ్గుతాయి. ఎక్స్‌పోజర్‌ను (వెలుగు మోతాదును), ఫోకస్‌ను షాట్ మధ్యలో మారకుండా లాక్ చేయడం మరువవద్దు. ఎండాకాలంలో మధ్యాహ్నపు వెలుగు ముఖాల మీద నల్లటి నీడలు వేస్తుంది కనుక బయటి సన్నివేశాలను పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకుని, ఇంటి లోపలివాటిని మధ్యాహ్నానికి వదలండి.

శబ్దం దగ్గర మాత్రం నిదానించాలి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు; మాట వినపడకపోతే లేచిపోతాడు. ఫోన్‌లోని మైకు దూరంగా ఉండి గదినంతా రికార్డు చేస్తుంది కాబట్టి మైకును నోటికి దగ్గరగా తీసుకువెళ్లడం ఒక్కటే అసలైన పరిష్కారం. బూమ్ మైకును కర్రకు కట్టి ఫ్రేము అంచు దాకా దించవచ్చు. కాలర్ మైకు పెడితే గంజి పెట్టిన చొక్కా రాపిడి వినపడకుండా లోపల మెత్తటి టేపు అంటించాలి. రికార్డరును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌కు పెట్టి, గట్టిగా అరిచే మాట కూడా రికార్డరు మీటరులో సున్నాను తాకి పగిలిపోకుండా, మామూలు మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేటట్టు చూసుకోండి. ప్రతి షాట్ మొదట చప్పట్లు కొడితే తర్వాత బొమ్మనూ ధ్వనినీ కలపడం తేలికవుతుంది. ఫ్యాను, కూలరు, ఫ్రిజ్ ఆపించండి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోకుండా కారు తాళాలను అందులో పెట్టే అలవాటు చాలా యూనిట్లలో ఉంది, మీరూ పాటించవచ్చు. కాజీపేట వైపు ఇళ్లలో తీసేవారు రైళ్ల సమయాలను, పెళ్లిళ్ల కాలంలో తీసేవారు వీధిలోని డీజేలను ముందే విచారించుకోవాలి.

ప్రతి చోటా పని ముగిశాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం పాటు ఖాళీ గది ధ్వనిని రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య అతుకును కప్పేది అదే. ఏదైనా సంభాషణ చెడిపోయిందని అనుమానం వస్తే, ఆ నటులతోనే అక్కడికక్కడే కెమెరా లేకుండా మళ్లీ చెప్పించి పెట్టుకోండి. తర్వాత డబ్బింగ్‌లో చూసుకుందామనే మాట అనుభవం ఉన్న నటులకు చెల్లుతుంది కానీ, మొదటిసారి నటించే రైతుకో, అమ్మమ్మకో చెల్లదు, ఎందుకంటే వారి గొంతులోని సహజత్వం స్టూడియో గదిలో మళ్లీ రాదు. మగ్గం చప్పుడు, మార్కెట్‌లో వేలం కేకలు, చెరువు గట్టు మీది పొద్దుటి పక్షులు విడిగా రికార్డు చేసుకున్నవారికి నేపథ్య సంగీతం అవసరం సగానికి తగ్గుతుంది.

అనుమతుల విషయంలో మొహమాటం పనికిరాదు. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణాలు, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్నాయి కాబట్టి అక్కడ సినిమా చిత్రీకరణకు ముందుగా లైసెన్సు తీసుకోవాలి, రుసుము కట్టాలి. నా అభిప్రాయంలో మొదటి సినిమాకు ఆ తోరణాలు అవసరం లేదు. ప్రతి పెళ్లి వీడియోలోనూ అవే కనపడుతున్నాయి. రైల్వే స్టేషన్‌లో తీయాలంటే రైల్వే అధికారుల అనుమతి, మార్కెట్‌లో తీయాలంటే మార్కెట్ కమిటీ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

పెళ్లి వీడియోల పేరు వచ్చింది కనుక, ఆ పనిని చిన్నచూపు చూడవద్దని కూడా చెప్పాలి. తలంబ్రాల ఘట్టానికి రెండో టేకు ఉండదు. వేగంగా వెలుగు సరిచూసుకోవడం, జనం మధ్య దారి చేసుకోవడం, రాత్రికి రాత్రి ఫుటేజీని భద్రపరచడం అక్కడ జీతం తీసుకుంటూ నేర్చుకోవచ్చు. ఆ సంపాదనలోంచి మీ యూనిట్‌కు భోజనం, ప్రయాణ ఖర్చులు తప్పకుండా ఇవ్వండి; పారితోషికం ఇవ్వలేకపోతే ఆ మాట ముందే చెప్పి, నటీనటుల అంగీకారాన్ని ఒక కాగితం మీద సంతకంతో తీసుకోండి.

ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. సినిమా పాటలను వాడితే యూట్యూబ్ పసిగడుతుంది, ఫెస్టివల్స్ తిప్పి పంపుతాయి. తరాలుగా పాడుకుంటున్న బతుకమ్మ పాట ఎవరి సొత్తూ కాకపోయినా, మార్కెట్‌లో దొరికే దాని రికార్డింగుకు హక్కుదారు ఉంటారు. కాబట్టి పాడేవారిని పిలిచి, డబ్బిచ్చి, మీరే రికార్డు చేసుకోండి.

సినిమా పూర్తయ్యాక వెంటనే యూట్యూబ్‌లో పెట్టకండి. అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్న చిత్రాన్ని కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు కాబట్టి పాస్‌వర్డు ఉన్న లింకుగా ఉంచి, మంచి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసి, తిరువనంతపురంలో జరిగే కేరళ అంతర్జాతీయ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిలిం ఫెస్టివల్‌కు, రెండేళ్లకోసారి జరిగే ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవానికి నిబంధనలు చదివి పంపండి. థియేటర్‌లో ప్రజలకు ప్రదర్శించాలంటే సెన్సారు ధ్రువపత్రం కావాలి, ఆన్‌లైన్‌కు అక్కర్లేదు. ఫలితాలు వచ్చేసరికి నెలలు పడుతుంది కనుక ఆ వ్యవధిలో రెండో కథకు గళ్లు గీయడం మొదలుపెట్టండి.