గీజర్‌లో వేడి నీళ్లు రావట్లేదా? పానా తీసే ముందు ఇవి చూడండి

గీజర్ వేడెక్కకపోతే చాలామంది "కాయిల్ పోయింది" అని తేల్చేస్తారు. పోయి ఉండొచ్చు కూడా. కానీ కాయిల్ దాకా వెళ్లేలోపు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావాటికి పానాతో పనే లేదు.

మొదట వేడి నీళ్ల కుళాయి తిప్పండి. అసలు నీళ్లే రావట్లేదంటే అది వేరే జబ్బు. ట్యాంకులోకి చన్నీళ్లు వచ్చి తోస్తేనే వేడినీళ్లు బయటికొస్తాయి. గీజర్ కింద ఇన్‌లెట్ వాల్వు మూసి ఉందేమో చూడండి. ట్యాంకులో నీళ్లు లేకుండా స్విచ్ మాత్రం వేయకండి, కాయిల్ మాడిపోతుంది.

నీళ్లు వస్తున్నా చల్లగానే ఉంటే కరెంటు సంగతి చూడాలి. ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్) పడిపోయి ఉంటే ఒక్కసారి పైకి ఎత్తండి. మళ్లీ పడితే లోపల ఎక్కడో షార్ట్ ఉండొచ్చు. ఇక దాన్ని ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎంసీబీ బాగానే ఉంటే స్విచ్ ఆపి ప్లగ్గు బయటికి లాగండి. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. కాంటాక్టు కాస్త లూజైనా పిన్ను చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకి తిరుగుతుంది, కమురు వాసన కొడుతుంది. అలా ఉంటే ప్లగ్గు, సాకెట్ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్నీ కాల్చేస్తుంది.

తర్వాత గీజర్ మీది లైట్లు. చాలా మోడళ్లలో పవర్‌కి ఒకటి, హీటింగ్‌కి ఒకటి ఉంటాయి. రెండూ వెలగకపోతే కరెంటు లోపలికి చేరట్లేదు. పవర్ లైటు వెలిగి, నీళ్లు చల్లగా ఉన్నా హీటింగ్ లైటు వెలగకపోతే థర్మోస్టాట్‌నో (నీళ్లు సరిపడా వేడెక్కగానే కరెంటు ఆపేది), కటౌట్‌నో అనుమానించాలి. రెండూ వెలుగుతున్నా నీళ్లు వేడెక్కకపోతే అప్పుడు కాయిల్ మీద అనుమానం సబబే.

కటౌట్ అంటే నీళ్లు మితిమీరి కాగితే కరెంటు కోసేసే రక్షణ. మెయిన్ ఆపి, గీజర్ చల్లారాక కవరు విప్పితే చాలా మోడళ్లలో థర్మోస్టాట్ దగ్గర చిన్న బటన్ కనిపిస్తుంది. నొక్కితే టక్‌మంటుంది, గీజర్ మళ్లీ పనిచేస్తుంది. ఇక్కడే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. కటౌట్ ఊరికే పడదు. థర్మోస్టాట్ సమయానికి ఆపకపోయినా, కాయిల్‌కి సున్నం గట్టిగా పేరుకున్నా పడుతుంది. రెండోసారి కూడా పడితే బటన్ నొక్కుతూ కూర్చోకుండా థర్మోస్టాట్ మార్పించండి. కటౌట్‌ని బైపాస్ చేసి వైరు కలిపేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

మల్టీమీటర్ వాడటం వస్తే కాయిల్‌ని మీరే పరీక్షించొచ్చు. మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, కాయిల్ వైర్లు ఊడదీసి రెండు కొనల మధ్య కొలవండి. 2000 వాట్లదైతే సుమారు 26 ఓమ్‌లు, 3000 వాట్లదైతే 18కి కాస్త తక్కువ చూపించాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. ఒక కొనకీ గీజర్ లోహపు బాడీకీ మధ్య రీడింగ్ వస్తే మరీ ప్రమాదం, దాన్ని వాడనే కూడదు.

ఇవన్నీ బాగున్నా నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయా? తప్పు మిక్సర్ కుళాయిది కావచ్చు. గీజర్ ఇన్‌లెట్ వాల్వు మూసేసి వేడి కుళాయి తిప్పండి. కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే ఎక్కడో మిక్సర్‌లోంచి చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి దూరుతున్నాయి. దీనికి ప్లంబర్ కావాలి, కొత్త గీజర్ కాదు. ఇంకో మాట, 15 లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 2000 వాట్లకు దాదాపు 18 నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాలకే కుళాయి తిప్పి తిట్టుకుంటే గీజరేం చేస్తుంది?

గ్యాస్ గీజర్ అయితే ముందు బ్యాటరీలు మార్చి చూడండి, స్పార్క్ రాకపోవడానికి మామూలు కారణం అవే. నీళ్ల ఒత్తిడి తక్కువైనా అది వెలగదు. మంట నీలంగా కాకుండా పసుప్పచ్చగా వస్తుంటే వెంటనే ఆపేసి, తలుపులు తెరిచి, మెకానిక్ చూసేదాకా వాడకండి. అలాంటి మంట నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు.