ట్రక్కు ఏసీ మొదట చల్లగా, ఇంజిన్ వేడెక్కాక గోరువెచ్చగా: సమస్య – పరిష్కారం

క్యాబిన్ చల్లబడటం లేదనగానే గ్యాస్ ఎక్కించే అలవాటు బాగా పాతుకుపోయింది. గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజ్ తగిలించే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడమని ఎన్నిసార్లు చెప్పినా ఆ పని చేసేవారు తక్కువే. బయటి గాలికి ఒకటి, లోపలి గాలికి మరొకటి చొప్పున రెండు ఫిల్టర్లుండే బండ్లలో రెండోదాన్ని చాలామంది ముట్టుకోనే ముట్టుకోరు.

లక్షణం: వెంట్ల నుంచి గాలి తక్కువగా వస్తోంది.
చాలాసార్లు ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. మార్చండి.

లక్షణం: బండి నడుస్తుంటే చల్లగా ఉండి, ఆగితే తగ్గుతోంది.
గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ గుండా చాలినంత గాలి పోవడం లేదు. ముందు నుంచి శుభ్రంగానే కనిపించే కండెన్సర్‌కూ దాని వెనుకనున్న, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ నడుమ దుమ్ము, పురుగులు పేరుకుంటాయి కనుక, ఫిన్లు వంగనంత తక్కువ ఒత్తిడితో వెనుక వైపు నుంచి ముందుకు కడగాలి. అవసరమైనప్పుడు ఇంజిన్ ఫ్యాన్‌ను తిప్పే ఫ్యాన్ క్లచ్ పట్టుకుంటోందో లేదో కూడా చూడాలి.

లక్షణం: ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఏసీ బాగా పనిచేసి, వేడెక్కేకొద్దీ చల్లదనం పోతోంది, గాలి మాత్రం ధాటిగానే వస్తోంది.
అందరినీ తప్పుదోవ పట్టించేది ఇదే. ఎండ పెరిగింది కాబట్టి అలా ఉందని డ్రైవరు అనుకుంటాడు, గ్యాస్ తగ్గిందని మెకానిక్ అనుకుంటాడు. గేజ్‌లు దాదాపు మామూలు ఒత్తిడినే చూపిస్తున్నా ఇంకాస్త గ్యాస్ ఎక్కిస్తారు. దానితో హై సైడ్ (కంప్రెసర్ నుంచి కండెన్సర్ వైపు) ఒత్తిడి పెరిగి, ఉన్న చల్లదనమూ తగ్గుతుంది. నిజానికి క్యాబిన్ గాలిని చల్లబరిచే ఇవాపరేటర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. పూర్తిగా మూసుకోని హీటర్ వాల్వ్ గుండా 80 డిగ్రీలు దాటిన కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) క్యాబిన్ గాలిని వేడిచేసే చిన్న రేడియేటరైన హీటర్ కోర్‌లోకి కారుతూ, చల్లబడిన గాలిని వెంట్ చేరేలోపే మళ్లీ వేడి చేస్తుంది.

తేల్చుకోవడానికి గేజ్ అక్కరలేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఏసీని గరిష్ఠ చల్లదనంలో ఉంచి, నడిమి వెంట్‌లో థర్మామీటర్ పెట్టండి. తర్వాత ఇంజిన్ ఆపి, బెల్టుకు దూరంగా, హీటర్‌కు వెళ్లే హోస్‌ను నున్నని అంచులున్న హోస్ క్లాంపుతో నొక్కి మూసి (కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే హోస్ పాడవుతుంది), ఇంజిన్‌ను తిరిగి నడపండి. పది నిమిషాల్లో వెంట్ ఉష్ణోగ్రత స్పష్టంగా పడిపోతే గ్యాస్ సిలిండర్‌ను పక్కన పెట్టవచ్చు.

కేబుల్‌తో నడిచే వాల్వ్ అయితే, నాబ్‌ను చల్లటి వైపు చివరికంటా తిప్పినప్పుడు వాల్వ్ మీది లీవర్ కూడా చివరిదాకా వస్తోందా అని చూడండి; రాకపోతే కేబుల్ సర్దితే సరిపోతుంది. లీవర్ పూర్తిగా వచ్చినా కూలంట్ కారుతుంటే వాల్వ్ మార్చాలి, బాణం గుర్తు కూలంట్ పోయే వైపు ఉండేలా బిగించి, కూలంట్ నింపాక అందులో చిక్కిన గాలి తీసేయాలి. అసలు వాల్వే లేని బండ్లలో కోర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కాబట్టి హోస్‌లు వేడిగా ఉండటం లోపం కాదు. అక్కడ చూడవలసింది చల్లగాలి, వేడిగాలి పాళ్లను మార్చే తలుపైన బ్లెండ్ డోర్: మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపించినంత మాత్రాన డోర్ కదిలినట్టు కాదు, దాని షాఫ్ట్ విరిగి ఉండవచ్చు, అంచున ఉండే ఫోమ్ రాలిపోయి ఉండవచ్చు.

లక్షణం: చలికాలంలో హీటర్ వేడినివ్వడం లేదు.
ముందు కూలంట్ మట్టం చూడండి. ఇంజిన్ ఉష్ణోగ్రతే పెరగకపోతే కూలంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది. ఒక హోస్ వేడిగా, రెండోది చల్లగా ఉంటే హీటర్ వాల్వ్ తెరుచుకోవడం లేదు, లేదా కోర్ పూడుకుపోయింది.

ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ఇవాపరేటర్‌లోకి గ్యాస్‌ను అదుపుగా వదిలేది) లోపం, కంప్రెసర్ లోపలి అరుగుదల వంటివి అరుదు. పైవన్నీ తేలిన తర్వాతే వాటి జోలికి వెళ్లండి.