ఉక్కు ఛాసిస్ 4వ పాఠం: ఏ వెల్డింగ్ వాడాలి?

పోయిన పాఠంలో ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే బొమ్మ) ట్రక్కు ఛాసిస్‌కి, అంటే అడుగు ఫ్రేముకి, ముక్కలు కోసుకున్నాం. ఆగలేక అప్పుడే అతికించేసిన వాళ్ల ఫోటోలు చూశాను. దాదాపు అన్నిట్లో ఒకటే కథ: 1 మి.మీ. మందం చదరపు ట్యూబు, 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్డు, మూలమూలకీ బొక్క. ఫ్రేము వంకర పోయిందని కొందరు అడిగారు కూడా. అందుకే సస్పెన్షన్ పాఠం వాయిదా వేస్తున్నాను.

2.5 రాడ్డు సాఫీగా మండాలంటే 60 నుంచి 90 ఆంపియర్లు కావాలి. అంత వేడికి పల్చటి గోడ ఆగదు. కరెంటు బాగా తగ్గిస్తే రాడ్డు అంటుకుపోతుంది, పైన ముద్ద కడుతుంది, కింద అతుకు పడదు. ఆర్క్ మెషీన్ ఒక్కటే ఉంటే 2 మి.మీ. 6013 రకం రాడ్డు తెచ్చుకోండి, 1.6 దొరికితే ఇంకా మంచిది. మిగ్ (రాడ్డు బదులు వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్) అయితే 0.6 లేదా 0.8 వైరుతో చుక్కలు చుక్కలుగా వేయండి. టిగ్ (టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ వెలిగించే వెల్డింగ్) అన్నిటికన్నా శుభ్రం, కానీ చెయ్యి తిరగడానికి టైం పడుతుంది.

నేనైతే ఇత్తడి బ్రేజింగే చేస్తాను, అంటే ఉక్కుని కరిగించకుండా ఇత్తడిని కరిగించి అతికిస్తాను. ఇత్తడి రాడ్డు సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది, ఉక్కు కరగాలంటే 1,400 దాటాలి. మంట అదుపులో ఉంటే బొక్క పడదు. వెలిగారం (బోరాక్స్) చల్లడం మాత్రం మానకండి. ఇంత చిన్న బండికి ఇత్తడి అతుకు బలం చాలు.

ఏ పద్ధతి ఎంచుకున్నా పని చెడగొట్టేది సందు. ఫోటోల్లో సగం ట్యూబులు ఒకదానికొకటి ఆనలేదు. సందు ఉన్నచోట వేడిని పంచుకునే లోహం ఉండదు కాబట్టి అంచు కరిగి వెనక్కి పోతుంది, బొక్క పెద్దదవుతుంది. దాన్ని పూడ్చాలని రాడ్డు మీద రాడ్డు పోస్తారు. పోసినదంతా చల్లారుతూ ముడుచుకుని ట్యూబుని తనవైపు లాగుతుంది. ఫ్రేము వంకర పోయిందని అడిగారు కదా, కారణం ఇదే. అతుకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. గీతలా వెలుగు కనిపించినా మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే. గ్రైండర్‌తో తొందరపడితే సందు ఇంకా పెరుగుతుంది.

జీఐ (జింకు పూత వేసిన) ట్యూబు వాడకండి. వెల్డింగ్ వేడికి జింకు పూత ఆవిరవుతుంది, ఆ పొగ పీలిస్తే చలితో జ్వరం వస్తుంది.

అభ్యాసం: అదే ట్యూబుతో ఎనిమిది టీ (T) ఆకారం అతుకులు వేయండి. చల్లారాక వైస్‌లో బిగించి సుత్తితో విరిచేదాకా కొట్టండి. అతుకు ఊడితే మళ్లీ ఎనిమిది. అతుకు నిలిచి పక్కన ట్యూబు వంగితే ఛాసిస్ మొదలుపెట్టండి. ముందు నాలుగు మూలలకీ ట్యాకులు (చిన్న చుక్క అతుకులు) మాత్రమే వేసి, రెండు కర్ణాలూ (ఎదురెదురు మూలల మధ్య దూరాలు) కొలిచి సమానమయ్యాకే పూర్తి అతుకు వేయాలి.