టార్టూకి రైల్లో వెళ్లి బస్సులో రండి

ఎస్టోనియాలోని టార్టూలో పిల్లలతో తిరిగితే వచ్చే చిక్కల్లా ఎత్తు ఎక్కడమే. అందుకే రాజధాని టాలిన్ నుంచి రానుపోను టికెట్ కొనకండి. వెళ్లేటప్పుడు రైలు, తిరుగు ప్రయాణానికి బస్సు.

రైల్వే స్టేషన్ టూమె కొండకు వెనక వైపు ఉంటుంది. అక్కడి నుంచి నడిస్తే ముందు శిథిల కేథడ్రల్, తర్వాత ఏంజెల్ వంతెన వస్తాయి. ఊపిరి బిగబట్టి ఈ వంతెన దాటితే కోరిక తీరుతుందంటారు, పిల్లలకు ఇదో మంచి ఆట. అక్కడినుంచి అంతా దిగుడే: 1632లో పెట్టిన యూనివర్సిటీ, టౌన్‌హాల్ చౌక్, ఓ పక్కకు ఒరిగిన ఇల్లు. ఆ ఇంటికి ఒక వైపు పాత కోటగోడ పునాది, రెండో వైపు కొయ్య దుంగలు, అందుకే ఒరిగింది.

ఆహా సైన్స్ సెంటర్ మాత్రం చివరికి ఉంచుకోండి, లోపలికి వెళ్లాక పిల్లలు ఓ పట్టాన బయటికి రారు. ఫ్యామిలీ టికెట్ అడగండి. బస్టాండ్ పక్కనే కాబట్టి టెన్షన్ ఉండదు.

చలికాలంలో మంచు గడ్డకట్టి ఉంటే స్ట్రోలర్‌తో ఈ దారి వద్దు. కొండ దిగుడులో చక్రాలు జారతాయి.