చక్కెర కదలికగా మారడం మీ తొడలోనే గమనించడం ఎలా?

నా దగ్గర వ్యాయామం నేర్చుకోవడానికి వచ్చేవాళ్లతో ముందు గోడకుర్చీ వేయిస్తాను, పాఠం ఆ తర్వాతే. మీరూ వేయండి. మోకాళ్ల నొప్పులు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం చదివి ఊరుకోండి.

వీపు గోడకి ఆనించి, తొడలు నేలకి సమాంతరంగా వచ్చేదాకా కిందికి జారండి. ఒక అరచెయ్యి తొడ మీద ఉంచండి. ఊపిరి బిగబట్టొద్దు.

మొదట్లో హాయిగానే ఉంటుంది. కండరాన్ని నడిపేది నేరుగా చక్కెర కాదు, ఏటీపీ అనే శక్తినిచ్చే అణువు. గట్టిగా వాడితే ఉన్న నిల్వ రెండు మూడు సెకన్లకే సరి. కండరంలోనే ఉండే మరో శక్తి నిల్వ, క్రియాటిన్ ఫాస్ఫేట్, దాన్ని తిరిగి నింపుతూ ఇంకో పది సెకన్లు నెట్టుకొస్తుంది. ఈలోగా కండరంలో దాచుకున్న గ్లైకోజెన్ కరగడం మొదలవుతుంది. అదే మన చక్కెర, దాన్నుంచే కొత్త ఏటీపీ తయారవుతుంది.

ఇప్పుడు అరచేతి కింద జరిగేది ఊహించండి. మయోసిన్ అనే ప్రోటీన్ పోగులకి బుల్లి తలలుంటాయి. కాల్షియం దారి తెరవగానే అవి పక్కనున్న యాక్టిన్ పోగుని పట్టి లాగుతాయి, వదిలి మళ్లీ పట్టుకుంటాయి, చేతులు మార్చుకుంటూ తాడు లాగినట్టు. నాకు ఎప్పటికీ అబ్బురంగా ఉండేది ఆ వదలడమే. కొత్త ఏటీపీ వచ్చి చేరితే తప్ప తల పట్టు వదలదు. ప్రాణం పోయాక శరీరం కొయ్యబారేది అందుకే.

కాసేపటికి తొడ మండుతుంది, చేతికి వణుకు తెలుస్తుంది. బిగుసుకున్న కండరం తన రక్తనాళాలనే నొక్కేస్తోంది. ఆక్సిజన్ బాగా అందితే ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి, అందకపోతే 2 మాత్రమే. అందుకే చక్కెర గబగబా ఖర్చయిపోతుంది, అలా విరిగిన చక్కెర నుంచి మిగిలే లాక్టేట్ పేరుకుంటుంది. పాపం, మర్నాటి ఒళ్లునొప్పుల నింద కూడా దాని మీదే వేస్తారు. నిజానికి లాక్టేట్‌ని గుండె ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది. మర్నాటి నొప్పి ఎక్కువగా అలవాటులేని శ్రమకి పోగుల్లో అయ్యే సూక్ష్మ గాయాలది.

మంట మరీ ఎక్కువైతే పంతానికి పోకుండా లేవండి, నాలుగడుగులు వేయండి. ఊపిరి ఇంకా వేగంగానే ఆడుతుంటుంది, ఖాళీ అయిన క్రియాటిన్ ఫాస్ఫేట్ నిండాలి కదా. మూడు నాలుగు నిమిషాలు ఆగి రెండోసారి వేయండి. వెంటనే వేస్తే మంట ముందే మొదలవుతుంది.