డెస్క్‌టాప్‌లో వైఫై స్లో – 3వ పాఠం: రౌటర్‌కీ సీపీయూకీ మధ్య
కిందటి పాఠంలో కేబుల్ పరీక్ష ఇచ్చా కదా, రౌటర్ నుంచి డెస్క్‌టాప్‌కి లాన్ కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేయమని. కేబుల్ పెట్టినా ప్లాన్ స్పీడ్‌కి దరిదాపుల్లో కూడా రాలేదంటే మీ గొడవ వైఫైతో కాదు, లైన్‌తో. లేకపోతే నెల కోటా అయిపోయి ఉంటుంది, మన దగ్గర చాలా ఫైబర్ ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అన్నదానికి అర్థం నెలకి 3300 జీబీ అనే, అది దాటితే స్పీడ్ కోసేస్తారు. అలాంటివాళ్ళు ఈ పాఠం పక్కనపెట్టి ముందు ఆపరేటర్‌కి ఫోన్ కొట్టండి. ఒక్క మెలిక ఉంది: ప్లాన్ 200 మెగాబిట్లది (ఎంబీపీఎస్) అయ్యుండి కేబుల్‌లో 94, 95 దగ్గరే ఆగిపోతోందంటే లైన్‌ని తిట్టకండి, కేబుల్‌లో ఉండే ఎనిమిది తీగల్లో ఏదో తెగి ఉంటుంది, లేదా రౌటర్ పోర్టే వంద మెగాబిట్లది అయ్యుంటుంది. ముందు కేబుల్ మార్చి చూడండి.

కేబుల్‌లో ఫుల్ స్పీడ్ వచ్చి, అది పీకి వైఫైకి రాగానే చతికిలబడుతోందా? ఇవాళ్టి పాఠం మీకే.

ముందు ఫోన్ తీసుకుని అదే వైఫైకి కలిపి సీపీయూ పక్కనే, అంటే నిజంగా పక్కనే, బల్ల కిందైతే బల్ల కిందే పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. ఇంట్లో టీవీలో ఏదైనా నడుస్తుంటే ఆ రెండు నిమిషాలు ఆపమనండి. ఫోన్‌లో 150 వచ్చి డెస్క్‌టాప్‌లో 15 వస్తే సమస్య డెస్క్‌టాప్‌ది. రెండింటిలోనూ 15 వస్తే చోటుది, లేదా రౌటర్‌ది. చాలామంది ఇది చెయ్యకుండా నేరుగా రౌటర్ రీసెట్ కొట్టేసి, పాస్‌వర్డ్ పోగొట్టుకుని, మళ్ళీ ఆపరేటర్ అబ్బాయిని పిలుస్తారు, ఆయనొచ్చి తన ఫోన్‌లో టెస్ట్ చేసి "బాగానే ఉంది కదండీ" అని వెళ్ళిపోతాడు. ఆయన చెప్పిందీ నిజమే, ఎందుకంటే ఆయన చూసింది హాల్లో, రౌటర్ ఎదురుగా నిలబడి.

ఇప్పుడు కుర్చీ జరిపి సీపీయూ వెనక్కి వెళ్ళండి. సెట్టింగ్స్ తర్వాత, ముందు ఇది. వైఫై మదర్‌బోర్డులోనే ఉన్న సిస్టమ్ అయితే వెనకాల యూఎస్‌బీ పోర్టుల దగ్గర బంగారు రంగులో రెండు చిన్న మరలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటికి యాంటెన్నాలు బిగించి ఉన్నాయా? ఖాళీగా ఉంటే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. షాపులో సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్నప్పుడు యాంటెన్నాలు మదర్‌బోర్డు అట్టపెట్టెలో అలాగే ఉండిపోతాయి, ఆ పెట్టె అటక మీదకి పోతుంది, వైఫై మాత్రం కనెక్ట్ అవుతూనే ఉంటుంది. అదే ఇక్కడ చిక్కు. యాంటెన్నా లేకపోయినా పక్క గదిలో ఉన్న రౌటర్‌ని ఆ మర ఎంతోకొంత పట్టుకుంటుంది, ఒకటో రెండో గీతలు చూపిస్తుంది, దాంతో జనం నెట్ స్లో అనుకుంటారు తప్ప యాంటెన్నా లేదని ఎవరికీ తట్టదు. మా బంధువుల అబ్బాయి ఇలాగే ఏడాదికి పైగా వాడాడు, పైగా మధ్యలో ప్లాన్ కూడా పెంచుకున్నాడు పాపం.

యాంటెన్నాలు ఉంటే రెండూ బిగించండి, ఒకటి చాల్లే అనుకోవద్దు, చిప్ రెండిటితోనూ పనిచేసేలా తయారుచేశారు. నిలువుగా పెట్టండి. సీపీయూ బల్ల కింద గోడకి ఆనుకుని ఉంటే యాంటెన్నా ఇనప డబ్బాకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయినట్టే, రౌటర్ అటు వైపు ఉంటే ఆ డబ్బా మొత్తం అడ్డం. సీపీయూని బల్ల మీదకి ఎత్తండి, కుదరకపోతే వైరు ఉండి కింద అయస్కాంతం ఉన్న యాంటెన్నాలు దొరుకుతాయి, అవి కొని బల్ల మీద పెట్టుకోండి. పోయినవాటి బదులు కొత్తవి కావాలన్నా షాపుల్లో విడిగా దొరుకుతాయి, పెద్ద ఖరీదేం కాదు, మర సైజు మాత్రం చూసి తీసుకోండి.

యూఎస్‌బీ డాంగిల్, అంటే యూఎస్‌బీ పోర్టులో గుచ్చే వైఫై ముక్క, వాడేవాళ్ళ సంగతి వేరు. గోరంత ఉండే చిన్న డాంగిల్, పెట్టె మీద 150 అని రాసి ఉంటుంది చూడండి, దాన్ని సీపీయూ వెనకాల గుచ్చితే అది చేయగలిగింది తక్కువే. ఒకటే యాంటెన్నా, అదీ లోపలే. వైఫై 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్ల మీద, అంటే రెండు రేడియో దారుల్లో నడుస్తుంది, దీనికి 2.4 ఒక్కటే పడుతుంది. 150 అన్నది అన్నీ కలిసొస్తే గాల్లో ఉండే లెక్క, చేతికొచ్చేది అందులో సగమైనా గొప్పే, అపార్ట్‌మెంట్‌లో అయితే ఇరవై, ముప్పై దగ్గర తిరుగుతుంటుంది. 200 ప్లాన్ పెట్టుకుని దీంతో నెట్టుకొచ్చేవాళ్ళకి నా సలహా ఒకటే, సెట్టింగులతో కుస్తీ మానేసి రెండు బ్యాండ్లూ పట్టే డాంగిల్ కొనుక్కోండి.

కొనేలోపు ఒక పని చేయండి. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి డాంగిల్‌ని సీపీయూకి దూరంగా, బల్ల పైన పెట్టి చూడండి. చాలాసార్లు ఇది ఒక్కటే సరిపోతుంది. డబ్బా అడ్డం తొలగడం ఒక కారణమైతే, రెండోది యూఎస్‌బీ 3 పోర్టులు. నీలం రంగు నాలుక ఉన్న పోర్టులు సాధారణంగా అవే. వాటిలో హార్డ్ డిస్క్ లాంటిది పెట్టి కాపీ చేస్తుంటే అవి 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో గోల పుట్టిస్తాయి, ఇంటెల్ వాళ్ళే 2012 లో దీని మీద ఒక పేపర్ రాశారు. పక్క పోర్టులో డిస్క్ తిరుగుతుంటే వైఫైతో పాటు వైర్‌లెస్ మౌస్ కూడా ఆగి ఆగి కదులుతుంది, అది చూస్తే మీకే అర్థమైపోతుంది. అందుకని 2.4 డాంగిల్‌ని డిస్కులకి దూరంగా ఉన్న నల్ల పోర్టులో పెట్టండి. 5 గిగాహెర్ట్జ్ వాడే పెద్ద డాంగిల్ అయితే మాత్రం తిరగేసి చెప్పాలి, యూఎస్‌బీ 3 కోసం చేసినదైతే నీలం పోర్టులోనే పెట్టండి, ఎందుకంటే యూఎస్‌బీ 2 కి 480 మెగాబిట్లే హద్దు, అసలు చేతికొచ్చేది ఇంకా తక్కువ.

ఇప్పుడు కుర్చీలో కూర్చోండి, అంకెలు చూద్దాం. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి నల్ల విండో తెరవండి. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ ఈ టీ ఎస్ హెచ్, స్పేస్, డబ్ల్యూ ఎల్ ఏ ఎన్, స్పేస్, షో, స్పేస్, ఇంటర్‌ఫేసెస్ అని కొట్టి ఎంటర్ చేయండి. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ అయితే లొకేషన్ ఆన్ చేయమంటుంది, చేయండి. బోలెడు లైన్లు వస్తాయి, మనకి కావాల్సినవి మూడే: సిగ్నల్, ఛానెల్, రిసీవ్ రేట్.

సిగ్నల్ శాతంలో ఉంటుంది. 80 పైన ఉంటే హాయి, 60 కిందకి పోతే ఇబ్బంది మొదలైనట్టే, 40 దగ్గరుంటే మిగతావన్నీ వదిలేసి ముందు యాంటెన్నా, చోటు సంగతి చూడాలి. ఛానెల్ 1 నుంచి 13 లోపు ఉంటే మీరు 2.4 మీద ఉన్నారు, 36 లేదా ఆ పైన ఉంటే 5 మీద. రిసీవ్ రేట్ అంటే రౌటర్ మీ సిస్టమ్‌కి ఏ వేగంతో పంపడానికి ఒప్పుకుందో ఆ అంకె. 72 అని ఉంటే 2.4 లో ఒక్క యాంటెన్నా, 144 అంటే రెండు. 433 అంటే 5 లో ఒకటి, 866 అంటే రెండు, కొత్త తరం వైఫై 6 అయితే రెండు యాంటెన్నాలకి సాధారణంగా 1201 కనిపిస్తుంది. స్పీడ్ టెస్ట్‌లో ఇందులో సగమో, కాస్త ఎక్కువో వస్తే అది మామూలే. అంటే రిసీవ్ రేట్ 72 చూపిస్తుంటే మీరు తలకిందులుగా తపస్సు చేసినా 200 రాదు. 866 ఉండాల్సింది 433 మీద కూర్చుందా, రెండో యాంటెన్నా వదులైందేమో చూడండి, లేదా రౌటర్‌కే 5 లో ఒక్కటి ఉందేమో.

తర్వాత పింగ్. అదే విండోలో ఐపీకాన్ఫిగ్ అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే అని ఒక అడ్రస్ వస్తుంది, సాధారణంగా 192.168.1.1 లాంటిది, అది మీ రౌటర్. పింగ్, స్పేస్, ఆ అడ్రస్, స్పేస్, మైనస్ ఎన్, స్పేస్, 50 అని కొట్టండి. యాభైసార్లు రౌటర్‌ని పలకరించి ఎంతసేపట్లో బదులొచ్చిందో చెప్తుంది. ఒకే ఇంట్లో కాబట్టి అయిదు మిల్లీసెకన్ల లోపు రావాలి. ఒకసారి 3, ఒకసారి 280, మధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్ అని వస్తోందంటే రోడ్డు మీద ఫైబర్ ఎంత బాగున్నా ప్రయోజనం లేదు, మీ గదిలోనే పోతోంది. వీడియో కాల్స్‌లో గొంతు ముక్కలైపోవడం ఎక్కువగా దీనివల్లే, స్పీడ్ టెస్ట్ బాగానే చూపిస్తుంది కూడా. రౌటర్‌కి పింగ్ శుభ్రంగా ఉండి, అదే 8.8.8.8 కి, అంటే బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కి పెడితే ఎగిరిపడుతుంటే అప్పుడు మాత్రం ఆపరేటర్‌ని ధైర్యంగా నిలదీయొచ్చు, అంకెలు చేతిలో ఉన్నాయి కాబట్టి.

ఛానెల్ చూస్తే 2.4 అని తేలిందనుకోండి, రౌటర్‌కి 5 కూడా ఉంది, మరి సిస్టమ్ దాన్నెందుకు పట్టుకోలేదు? రెండిటికీ ఒకే పేరు పెట్టి ఉంటే విండోస్ ఒక్కోసారి 2.4 నే గట్టిగా పట్టుకుని వదలదు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ వైఫై మీద డబుల్ క్లిక్ చేసి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ అని ఉంటే 5 ని ఎంచుకోండి. అన్ని చిప్పుల్లోనూ ఆ లైన్ ఉండదు, లేకపోతే రౌటర్‌లోకి వెళ్ళి 5 కి వేరే పేరు పెట్టడమే. కాకపోతే 5 గోడలకి భయపడుతుంది, మధ్యలో రెండు గోడలూ ఒక ఇనప బీరువా ఉంటే 2.4 నే నయం కావచ్చు, రెండిట్లోనూ టెస్ట్ చేసి ఏది ఎక్కువొస్తే దాన్నే ఉంచుకోండి, మొండిగా 5 నే కావాలనొద్దు.

విండోస్ సంగతులు గబగబా చెప్పేస్తా. అదే అడాప్టర్ దగ్గర పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే కరెంట్ పొదుపు కోసం ఆపేయొచ్చు అనే టిక్ తీసేయండి. డ్రైవర్‌ని, అంటే విండోస్ చేత ఆ వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని, మదర్‌బోర్డు లేదా డాంగిల్ కంపెనీ సైట్ నుంచే వేసుకోండి. ఈమధ్య అప్‌డేట్ అయ్యాకే పాడైందంటే రోల్ బ్యాక్ చేయండి, అంటే పాత డ్రైవర్‌కే వెనక్కి వెళ్ళండి. టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కాలమ్ మీద నొక్కి ఎవరు తినేస్తున్నారో చూడండి, చాలాసార్లు అక్కడ గేమ్ అప్‌డేటో, ఫొటోల బ్యాకప్పో దొరికిపోతుంది. నెట్ స్పీడ్ పెంచుతామనే సాఫ్ట్‌వేర్లు మాత్రం వేయకండి, యాంటెన్నా లేని సిస్టమ్‌కి అవి చేసేదేం లేదు. డీఎన్ఎస్ (సైట్ పేరుని బట్టి దాని అడ్రస్ వెతికిపెట్టే సర్వీసు) మార్చమని కూడా సలహాలొస్తాయి, దానివల్ల సైట్ తెరుచుకోవడం కాస్త చురుగ్గా అనిపించొచ్చు గానీ డౌన్‌లోడ్ స్పీడ్ పెరగదు.

హోంవర్క్: సిగ్నల్, ఛానెల్, రిసీవ్ రేట్, పింగ్ యావరేజ్, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి, ఇప్పుడున్నట్టుగా ఒకసారి, యాంటెన్నానో డాంగిల్‌నో పైకి తెచ్చాక ఒకసారి. పగలొకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి. సిగ్నల్ రెండు పూటలా అంతే ఉండి రాత్రి మాత్రం రౌటర్‌కి పింగ్ పాడవుతోందంటే అది పక్కింటి వైఫైల రద్దీ కావచ్చు. వచ్చే పాఠం దాని మీదే: 1, 6, 11 ఛానెళ్ళ కథ, రౌటర్ లోపలికి వెళ్ళి ఛానెల్ మార్చడం. రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్‌ని ఫొటో తీసి పెట్టుకోండి, లాగిన్ వివరాలు దాని మీదే ఉంటాయి.