కుర్చీ బొమ్మకు కంప్యూటర్ మార్కులు వేస్తుంటే

సైక్లోహెక్సేన్ అణువును (ఆరు కార్బన్ల వలయం) కుర్చీ ఆకారంలో చూపే బొమ్మలను కంప్యూటర్‌తో దిద్దిస్తున్నారా? విద్యార్థి గీసినదాన్ని ఒకే నమూనా చిత్రంతో పోల్చకండి. కుర్చీని మరోవైపు నుంచి చూసి గీసినా జవాబు సరైనదే. దానికి సున్నా వేయడం అన్యాయం. గీతల కోణాల నుంచి ప్రతి ప్రతిక్షేపకానికీ (వలయంలోని కార్బన్‌కు హైడ్రోజన్ బదులు అంటుకున్న గుంపుకు) రెండు విషయాలు రాబట్టండి: పైకా కిందికా, ఆక్సియలా ఈక్వటోరియలా. ఆక్సియల్ గీత దాదాపు నిలువుగా ఉండి, పక్క కార్బన్ దగ్గర దిశ మార్చుకుంటుంది. ఈక్వటోరియల్ గీత ఒక బంధం అవతలి వలయ బంధాలకు సమాంతరం. చేత్తో గీసినవి కదా, కోణాల్లో కొంత సడలింపు తప్పనిసరి.

వలయం ఒక కుర్చీ రూపం నుంచి మరో కుర్చీ రూపానికి మారితే (రింగ్ ఫ్లిప్) ఆక్సియల్ ఈక్వటోరియల్ అవుతుంది గానీ, పైనున్నది పైనే ఉంటుంది. అందుకే ముందు ప్రతిక్షేపకాల పై-కింద సంబంధం సరిచూడండి. అది తప్పితే సిస్ (రెండూ ఒకే వైపు) కాస్తా ట్రాన్స్ (చెరోవైపు) అయి అణువే మారిపోతుంది. ఆక్సియలా ఈక్వటోరియలా అన్నదానికి మార్కులు తగ్గించాల్సింది అత్యంత స్థిరమైన రూపం అడిగినప్పుడే.